కర్నూల్లో ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా లాయర్ని ఎట్లా ఎంచుకోవాలి

లాయరు దగ్గరికి పోవాల్సింది బయానా (అడ్వాన్సు) ఇచ్చినాక కాదు, ఇవ్వకముందు. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నా అనుకోండి. మనవైపు చాలామంది చేసేదేందంటే ఇల్లు చూస్తారు, బేరమాడతారు, మంచిరోజు చూసుకుని బయానా చేతిలో పెట్టేస్తారు, అగ్రిమెంటు కూడా అయిపోతుంది, ఆ తర్వాత బ్యాంకులో ఏదో కాగితం అడిగితేనో పక్కింటాయన ఏదో అనుమానం పెడితేనో అప్పుడు ఫైలు చంకలో పెట్టుకుని లాయరు కోసం వెతుకుతారు. అప్పటికి ఆయన మాత్రం ఏం చేస్తాడు, నోటీసు ఇద్దాం అంటాడు.

మా మేనమామకి సరిగ్గా ఇదే జరిగింది. కల్లూరు వైపు 3 సెంట్ల జాగాలో పాత మిద్దె ఇల్లు, రేటు బాగుంది. బ్రోకరు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల పట్టీ) తీసి చూపించి "చూడు మామా, 30 ఏళ్లలో ఒక్క ఎంట్రీ లేదు, అద్దం మాదిరి ఉంది" అన్నాడు. మామ 2 లక్షలు ఇచ్చేశాడు. ఆ తర్వాత నాకు తెలిసిన ఒక పెద్దవయసు లాయరుకి చూపిస్తే ఆయన ఈసీ పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మేటాయనకి అక్కచెల్లెళ్లు ఎంతమందిప్పా?" అని. ఇల్లు అమ్మేటాయన నాయన పేరు మీద ఉంది, ఆ పెద్దాయన వీలునామా రాయకుండానే పోయాడు, కొడుకు మున్సిపాలిటీలో ఇంటి పన్ను తన పేరుకి మార్పించుకుని ఇల్లు మొత్తం నాదే అనుకుంటున్నాడు. ఈసీలో ఎంట్రీ ఎందుకు లేదంటే ఏదీ రిజిస్టర్ కాలేదు కాబట్టి. తల్లి ఉంది, చెల్లెళ్లు ఇద్దరు, ఒకామె ఆదోనిలో ఒకామె హైదరాబాదులో, అందరికీ సమాన భాగం. హైదరాబాదు ఆమె సంతకం పెట్టనంది. 2 లక్షలు వెనక్కి రావడానికి ఏడాది పైనే పట్టింది, అది కూడా పెద్దమనుషులు కూర్చుంటే.

సరే, ఇక ఒక్కొక్కటి చెప్తా.

ముందు డాక్యుమెంట్ రైటరు వేరు, లాయరు వేరు అనేది మనసులో పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టుపక్కల ఉండే రైటర్లు దస్తావేజు రాయడంలో చేయి తిరిగినవాళ్లు, స్టాంపు డ్యూటీ లెక్క, చలానా, సాక్షులు ఎక్కడ సంతకం పెట్టాలి అన్నీ వాళ్లకి కొట్టిన పిండి, వాళ్ల పనిని నేను తక్కువ చేయట్లేదు. కానీ రైటరు మీరు చెప్పింది రాస్తాడు. అమ్మేవాళ్లకి అమ్మే హక్కు ఉందా లేదా తేల్చడం ఆయన పని కాదు. సబ్‌రిజిస్ట్రారు పని కూడా కాదు, ఆయన చూసేది వచ్చిన మనుషులు వాళ్లేనా, స్టాంపు సరిపోయిందా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా అనేవే. రిజిస్టర్ అయిపోయింది కదా ఇంకేముంది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, టైటిల్‌కి, అంటే యాజమాన్య హక్కుకి, గవర్నమెంటు గ్యారంటీ ఏమీ లేదు, ఆ పేరుతో తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దు కూడా అయిపోయింది. కాబట్టి టైటిల్ మంచిదో కాదో చూసుకునే బరువు ఇప్పటికీ కొనేవాళ్ల మీదే ఉంది.

ఇప్పుడు లాయర్ని వెతకడం. మనకి తెలిసిన లాయరు అంటే ఎక్కువగా పేపర్లో పేరు వచ్చే క్రిమినల్ లాయరో, చుట్టాల్లో నల్లకోటు వేసుకున్న పిల్లోడో గుర్తుకొస్తాడు. ఈ పనికి కావాల్సింది సివిల్ వైపు ప్రాక్టీసు, అందులోనూ భాగపరిష్కారం దావాలు, అగ్రిమెంటు దావాలు నడిపినాయన అయితే మేలు, ఎందుకంటే కాగితం ఎక్కడ చెడిపోయి కోర్టుదాకా వస్తుందో రోజూ చూసేది ఆయనే. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉంది, కాబట్టి ఫోన్లో ఎంత మెరిసే ప్రకటన కనిపించినా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఈ రెండు మూడేళ్లలో మీ కాలనీలో ఇల్లు కొన్నవాళ్లని అడగండి, లోన్లు ఇచ్చే బ్యాంకు మేనేజరుని మీ ప్యానెల్ లాయర్లు ఎవరు సార్ అని అడగండి, తెలిసిన రైటరు ఉంటే ఆయన్నీ అడగండి, ఎవరి ఒపీనియన్ గట్టిగా ఉంటుందో రైటర్లకి బాగా తెలుసు. రెండు మూడు చోట్ల ఒకే పేరు వినపడితే ఆ పేరు రాసుకోండి.

రాసుకున్నాక ఒక చిన్న పని చేయండి, డబ్బు ఖర్చు లేదు. ఈకోర్ట్స్ సైటు లేదా యాప్‌లో కేస్ స్టేటస్‌లో లాయరు పేరుతో వెతకొచ్చు, కర్నూలు జిల్లా పెట్టి ఆయన పేరు కొడితే ఏ కేసులు నడుపుతున్నాడో వస్తాయి, సివిల్ దావాలు ఉన్నాయా లేక అన్నీ చెక్ బౌన్సులు, క్రిమినల్ కేసులేనా తెలిసిపోతుంది. అదే సైటులో అమ్మేవాళ్ల పేరుతో కూడా వెతకండి, ఇల్లు దావాలో ఉంటే ఈసీలో కనపడకపోవచ్చు. దావా నడుస్తుండగా కొన్నవాళ్లు ఆ దావా తీర్పుకి కట్టుబడాల్సిందే, నాకు తెలియదు అంటే కోర్టు ఒప్పుకోదు.

లోకల్ లాయరే ఎందుకంటారా, హైదరాబాదులో పెద్ద ఆఫీసు ఉన్నాయన పంపిన పీడీఎఫ్ చూసి ఒపీనియన్ ఇవ్వగలడు నిజమే. కానీ మన ఊరి ఇళ్ల కథ పీడీఎఫ్‌లో దొరకదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు బీరువాల్లో ఉన్న కాగితాలు ఎన్ని పోయాయో మనకి తెలుసు. మా ఇంట్లో కూడా మా నాయన దస్తావేజు స్టాంపు పేపర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, మడత విప్పితే బురద రంగు పొడి రాలేది, ఇప్పటికీ ప్లాస్టిక్ కవరులో అట్లాగే పెట్టుకున్నాం. ఇప్పుడు ఎవరన్నా "ఒరిజినల్సు వరదలో పోయాయి సార్" అంటే అది నిజమూ కావచ్చు, ఒరిజినల్సు ఏదో ఫైనాన్స్ దగ్గర తాకట్టులో ఉండి చెప్పే మాటా కావచ్చు. ఊర్లో ఉండే లాయరు ఆ ఇల్లు ఏ పేటలో ఉంది, అక్కడిదాకా నీళ్లు వచ్చాయా అని ముందు చూస్తాడు. తర్వాత అప్పట్లో పోలీసు కంప్లైంటు ఇచ్చారా, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకళ్లు ఎప్పుడు తీశారు అని అడుగుతాడు, పేపరులో ప్రకటన ఇప్పిస్తాడు, తాకట్టుల రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా వెతికిస్తాడు.

ఇంకోటి, డీకేటీ పట్టాలు. మనవైపు శివార్లలో ఎన్నో సైట్లకి మూలం డీకేటీ పట్టానే, అంటే గవర్నమెంటు పేదవాళ్లకి ఇచ్చిన భూమి, 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు కొనకూడదు. 2023లో 20 ఏళ్లు దాటిన పట్టాల మీద అసలు లబ్ధిదారులకి హక్కులిచ్చేలా మార్పు తెచ్చారు, అది మీరు చూసే సైటుకి వర్తిస్తుందా లేదా అనేది పట్టా తేదీ, ఎవరి చేతులు మారింది అన్నీ చూసి చెప్పాల్సిన విషయం. అట్లాగే దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు, చుక్కల భూములు (పాత రికార్డుల్లో యజమాని పేరు దగ్గర చుక్కలు పెట్టి వదిలేసినవి). ఇవి 22ఏ జాబితాలో, అంటే ఆ నిషేధిత జాబితాలో, ఉంటే రిజిస్ట్రేషనే జరగదు, జాబితాలో లేకపోయినా పాత రెవెన్యూ రికార్డుల్లో గవర్నమెంటు అనో ఇనాం అనో ఉంటే రేపు తలనొప్పి, అందుకే తాసిల్దారు ఆఫీసులో పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చూపించుకుని వచ్చే లాయరు కావాలి. పాతబస్తీలో ముస్లిం కుటుంబాల ఇళ్లు కొనేటప్పుడు హిబా, అంటే ముస్లింల దానం, సంగతి కూడా తెలిసినాయన ఉండాలి, నోటి మాటతో ఇచ్చి స్వాధీనం చేసినా ఆ దానం చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది ఈసీలో ఎట్లా కనపడుతుంది చెప్పండి.

మొదటిసారి కలవడానికి పోయినప్పుడు ఆయన ఏం చెప్తాడు అనేదానికంటే ఏం అడుగుతాడు అనేది గమనించండి. వంశవృక్షం అడిగాడా, ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉంది, అద్దెకున్నారా, ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడిగాడా. ఈసీ ఒక్కటే చూసి "క్లియర్‌గా ఉంది, కొనుక్కోండి" అనేస్తే దండం పెట్టి బయటికి రండి. మా మామ కేసు చూసిన లాయరు దగ్గరికే తర్వాత నేను కొనాలనుకున్న ఇంటి కాగితాలు తీసుకుని పోయా. ఆయన టేబులు మీద మూడు దస్తావేజులు పక్కపక్కన పరిచి ఒక స్కేలు పెట్టుకుని చెక్కుబంది (నాలుగు దిక్కుల హద్దులు) ఒక్కటే చదివాడు, వేరే ఏదీ ముట్టుకోలేదు. 1987 దస్తావేజులో తూర్పుకి రస్తా. 1996 దాంట్లోనూ రస్తా. 2004 దాంట్లో తూర్పుకి ఎవరిదో ఇల్లు. "8 ఏళ్లలో దారి ఎక్కడికి పోయింది?" అన్నాడు, స్కేలు ఆ లైను కింద పెట్టి నా వైపు తిప్పి చూపించాడు. సాయంత్రం సర్వేయర్ని తీసుకుని పోయి టేపు పట్టి చూస్తే పక్కవాళ్లు దారిలో 5 అడుగులు కలిపేసుకుని గోడ కట్టారు, అంటే నేను కొనబోయే ఇంటికి కారు పోయే దారి లేదు. అమ్మే ఆయనకి కూడా ఆ సంగతి తెలియదు పాపం. రేటు తగ్గించి మాట్లాడుకున్నాం, దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు రాయించుకున్నాం. ఆయన ఆ స్కేలు పెట్టకపోతే గృహప్రవేశం రోజు తెలిసేది.

అక్కడే ఫీజు కూడా తేల్చుకోండి, సిగ్గుపడొద్దు. కాగితాలు చూసి రాతపూర్వకంగా ఒపీనియన్ ఇవ్వడానికి ఎంత, అగ్రిమెంటు రాయడానికి ఎంత, రిజిస్ట్రేషన్ రోజు వస్తే ఎంత, ఈసీలకి నకళ్లకి అయ్యే ఖర్చు ఇందులోనేనా వేరేనా, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి లేదా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకోండి. బేరం కుదిరితేనే నా ఫీజు, ఇంటి రేటులో ఇంత పర్సంటు ఇవ్వండి అనే లాయరు మాత్రం వద్దు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ రూలే ఉంది, అదీగాక బేరం కుదిరితేనే డబ్బొచ్చే మనిషి "వద్దు, కొనొద్దు" అని ఎందుకు చెప్తాడు. మనకి కావాల్సింది వద్దు అని చెప్పగలిగే మనిషి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు కూడా అడిగి రాసుకోండి, ప్రతి లాయరుకీ బార్ కౌన్సిల్ ఇచ్చిన నంబరు ఉంటుంది, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఫీజు కట్టే స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది, 15100కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఎదుటివాళ్ల లాయర్నే పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది కదా అని ఒక ఆలోచన వస్తుంది, బ్రోకరు కూడా "ఇద్దరికీ ఈయనే చూస్తాడులే అన్నా" అంటాడు. ఒప్పుకోవద్దు. లండన్‌లో ఉండే మా తమ్ముడు అక్కడ ఇల్లు కొన్నప్పుడు చెప్పాడు, అక్కడ సొలిసిటర్లు అని ఉంటారు, కొనేవాళ్లకి ఒకరు అమ్మేవాళ్లకి ఒకరు, ఇంటి డబ్బు కూడా సొలిసిటరు క్లయింట్ అకౌంటులోకే పోయి అక్కడి నుంచి అవతలి సొలిసిటరుకి పోతుందంట. మన దగ్గర అట్లా మధ్యలో డబ్బు పట్టుకునే ఏర్పాటు మామూలుగా ఉండదు, మన చేతి నుంచి నేరుగా వాళ్ల చేతికే పోతుంది, కాబట్టి మన లాయరు మన మనిషే అయి ఉండటం ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరం. బ్యాంకు లాయరు ఓకే చెప్పాడు కదా అనేది కూడా అంతే, అది మంచి గుర్తే, కాదనను, కానీ ఆయన రిపోర్టు బ్యాంకు కోసం రాస్తాడు, బ్యాంకు అప్పు వసూలవుతుందా అనేది ఆయన చూపు.

లాయరు కుదిరాక ఇవ్వాల్సిన కాగితాలు: అమ్మేవాళ్ల దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు అన్నీ, కనీసం 30 ఏళ్ల ఈసీ, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, ప్లాన్ అప్రూవల్, లేఅవుట్ అయితే అప్రూవల్ కాపీ. లేఅవుట్ అప్రూవల్స్ కర్నూలుకైతే కుడా (కర్నూలు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ), అనంతపురం వైపు అహుడా, కడపలో అన్నమయ్య అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ చూస్తాయి. అమ్మేవాళ్ల నాయనో తాతో చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాల్లో వెతికించాలి, అది మీ లాయరుతో చెప్పి చేయించండి.

ఆడపిల్లల సంతకాల గురించి మళ్లీ చెప్తున్నా, ఎందుకంటే మనవైపు "కట్నం ఇచ్చి పంపేశాం, వాళ్లకేముంది" అనే మాట ఇంకా పోలేదు. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకి సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, 2005లో దేశమంతా కూతుళ్లందరికీ వచ్చింది, తండ్రి అప్పటికే చనిపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా లేకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్లకి, కొడుకులకి, భార్యకి సమానం. మైనరు పిల్లల భాగం ఉంటే కోర్టు పర్మిషన్ లేకుండా అమ్మకూడదు. లాయరు ఎవరెవరు సంతకం పెట్టాలో పేర్లు రాసివ్వాలి, నోటితో చెప్తే సరిపోదు.

ఒపీనియన్ చేతికొచ్చినప్పుడు ఆఖరి లైను ఒక్కటే చూసుకోకండి. ఏయే కాగితాలు చూశాడు, ఒరిజినల్సా జిరాక్సులా, ఏ షరతుల మీద బాగుంది అంటున్నాడు అనేవి చదవండి. "ఫలానావాళ్ల రిలీజు డీడు (తమ భాగం వదులుకుంటూ రాసిచ్చే దస్తావేజు) తీసుకున్నాక" అని రాసి ఉంటే ఆ డీడు వచ్చేదాకా బయానా ఇవ్వొద్దు. అనుమానం ఏమాత్రం ఉన్నా తెలుగు పేపరులో అభ్యంతరాలుంటే చెప్పండి అని ప్రకటన ఇప్పించండి, ఖర్చుకి వెనకాడకండి.

అగ్రిమెంటులో బయానా ఎంత, మిగతాది ఎప్పటిలోగా, టైటిల్ తేడా వస్తే బయానా ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, ఇది తప్పకుండా ఉండాలి. బయానా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంటి బయానా 20 వేలు అంతకు మించి క్యాష్‌గా తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది, రేపు గొడవొస్తే క్యాష్ ఇచ్చామని రుజువు చేయడం మనకీ కష్టం. రేటు 50 లక్షలు అంతకంటే ఎక్కువైతే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి. అమ్మేవాళ్లు విదేశాల్లో ఉంటే లెక్క వేరే, టీడీఎస్ చాలా ఎక్కువ, ఆడిటర్ని కూడా అడగండి. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం ముందే పక్కన పెట్టుకోండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొనడం మాత్రం వద్దే వద్దు, జీపీఏతో, అగ్రిమెంటుతో ఇల్లు మీది కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

అమ్మేవాళ్లకి లాయరు ఎందుకు అంటారు కానీ, వాళ్లకీ కావాలి. మా పిన్ని సి క్యాంపు దగ్గర ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్లు తెచ్చిన అగ్రిమెంటులో మిగతా డబ్బుకి గడువే రాయలేదు, పిన్ని చదవకుండా సంతకం పెట్టబోయింది. గడువు లేకపోతే వాళ్లు బయానా ఇచ్చి ఏళ్ల తరబడి నానబెట్టొచ్చు, వేరేవాళ్లకి అమ్మబోతే దావా వేయొచ్చు. లాయరు అది పట్టుకుని 3 నెలలు అని రాయించాడు. ఇంటి మీద లోను ఉంటే బ్యాంకు నుంచి నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం) ఒక్కటే కాదు, తాకట్టు రద్దు కూడా రిజిస్టర్ చేయించి ఈసీలో ఎక్కించుకోండి. మొత్తం డబ్బు అకౌంటులో పడేదాకా ఒరిజినల్సు ఇవ్వొద్దు, ఇంటి తాళాలూ ఇవ్వొద్దు. దస్తావేజులో రేటు తగ్గించి రాద్దాం అని ఎవరన్నా అంటే మీ లాయరు వద్దనాలి, సరే అనే లాయరైతే ఆయన్ని మార్చండి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ ఒకసారి ఈసీ తీయమనండి, నిన్న సాయంత్రం ఎవరికన్నా రాసిచ్చి ఉంటే అక్కడ తెలుస్తుంది. దస్తావేజు డ్రాఫ్టు ముందురోజే చేతికి తీసుకుని సర్వే నంబరు, డోరు నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, ఆధార్‌లో పేర్లు మీరే వేలు పెట్టి చదవండి. అయిపోయాక లాయరు దగ్గరున్న మీ ఫైలు మొత్తం, ఆయన ఒపీనియన్ ఒరిజినలుతో సహా, లెక్క చూసి వెనక్కి తీసుకోండి. తర్వాత వారంలోపే మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్పుకి, ఎస్‌పీడీసీఎల్‌లో కరెంటు మీటరు పేరు మార్పుకి అర్జీ పెట్టేయండి, రెండింటికీ రసీదు తీసుకుని అదే ఫైల్లో పెట్టండి.